మ్యాచ్‌ను దశలుగా విడగొట్టి చూడటం: మన స్కూల్, కాలేజీ ఫుట్‌బాల్ జట్లకు ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది?

లంక మాస్టారు (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. నేను హైస్కూల్లో పీఈటీని. మా అండర్-17 కుర్రాళ్ల మ్యాచ్‌లను స్కూల్ మేడ మీద నుంచి ఫోన్‌తో వీడియో తీస్తున్నాం. వీడియోలైతే బాగానే పోగయ్యాయి. వాటితో ఏం చేయాలన్నదే తేలడం లేదు.

ఇప్పటివరకు ఒక కుర్రాడు పక్కన కూర్చుని షాట్లు, కార్నర్లు, పాసులు కాగితం మీద గీతలు పెట్టి లెక్కేస్తున్నాడు. మ్యాచ్ అయ్యాక ఆ కాగితం చూస్తే సోమవారం సాయంత్రం పిల్లల చేత ఏం ప్రాక్టీస్ చేయించాలో తెలియడం లేదు. గెలిచిన మ్యాచ్ లెక్క, ఓడిన మ్యాచ్ లెక్క ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. పెద్ద క్లబ్బులు మ్యాచ్‌ను దశలుగా, అంటే బిల్డప్ (వెనక నుంచి పాసులతో ఆట కట్టుకురావడం), ట్రాన్సిషన్ (బంతి చేతులు మారే క్షణం), ప్రెస్సింగ్ (బంతి ఉన్నవాళ్ల మీదికెళ్లి ఒత్తిడి పెట్టడం), సెట్ పీస్ (కార్నర్, ఫ్రీ కిక్ లాంటివి) అంటూ విడగొట్టి చూస్తాయని చదివాను. అది మన స్థాయిలో సాధ్యమేనా? ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? మా దగ్గరున్నది స్టాఫ్ రూములో ఒక పాత ల్యాప్‌టాప్. నెట్ అంతంత మాత్రం.

భీమవరం బైట్స్ (ఊరు భీమవరం, ఉద్యోగం హైదరాబాద్)

మాస్టారూ, నమస్తే. డేటా పనే నా ఉద్యోగం, ఫుట్‌బాల్ నా ఇష్టం. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మీ కాగితం ఎందుకు ఏమీ చెప్పడం లేదో చూద్దాం.

2022 ప్రపంచ కప్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్ గుర్తుందా? బంతి 80 శాతం పైగా స్పెయిన్ దగ్గరే ఉంది. మొత్తం లెక్క చూసినవాళ్లెవరైనా స్పెయిన్ గెలిచిందనే అనుకుంటారు. జపాన్ 2-1తో గెలిచింది. మొదటి సగంలో వెనక్కి తగ్గి కాచుకుని, రెండో సగం మొదలవగానే జట్టంతా ముందుకొచ్చి స్పెయిన్ గోల్‌కీపర్ మీద, డిఫెండర్ల మీద ప్రెస్ చేసింది. కీపర్ ఇచ్చిన బంతిని అక్కడే లాక్కుని 48వ నిమిషంలో డోవాన్ గోల్ కొట్టాడు. మూడు నిమిషాల్లో తనకా రెండోది. ఆ కాసేపట్లో జరిగింది 90 నిమిషాల సగటులో కలిసిపోతే కనిపించదు. "స్పెయిన్ బిల్డప్‌లో ఉన్నప్పుడు జపాన్ ఏం చేసింది" అని విడిగా అడిగితేనే కనిపిస్తుంది.

దశలుగా చూడటమంటే ఇంతే. ఏ అంకెనైనా "అప్పుడు ఆట ఏ స్థితిలో ఉంది" అన్న ప్రశ్నతో కలిపి రాసుకోవడం.

కోచ్‌లు మామూలుగా వాడే విభజన నాలుగు ముక్కలు: బంతి మన దగ్గర కుదురుగా ఉన్నప్పుడు, బంతి పోయిన క్షణం, బంతి వాళ్ల దగ్గర కుదురుగా ఉన్నప్పుడు, బంతి మనకు దొరికిన క్షణం. వీటికి తోడు సెట్ పీసులు. అదే 2022 ప్రపంచ కప్‌కి ఫిఫా విశ్లేషకులు ఇంకా లోతుకెళ్లారు. బంతి ఉన్నప్పుడు అడ్డులేని బిల్డప్, అడ్డున్న బిల్డప్, ముందుకు తీసుకెళ్లడం, చివరి మూడో వంతు, లాంగ్ బాల్, ఎదురుదాడి ఇలా. బంతి లేనప్పుడు హై బ్లాక్, మిడ్ బ్లాక్, లో బ్లాక్ (జట్టు గ్రౌండులో ఎంత ముందుకొచ్చి కాచుకుంటోంది అన్నది), కౌంటర్ ప్రెస్ (బంతి పోగానే తిరిగి లాక్కోవడానికి మీద పడటం) ఇలా. మీకు అన్ని అక్కర్లేదు. ఐదారుతో మొదలెట్టండి.

పాత గోల్‌కీపర్ (కాకినాడ)

బైట్స్ గారూ, మీరు చెప్పింది పచ్చిక గ్రౌండుకి సరిపోతుందండి. మన ఒండ్రు నేల సంగతి వేరు. జులై నుంచి అక్టోబరు దాకా కోనసీమలో ఏ స్కూల్ గ్రౌండ్ అయినా చూడండి. గోల్ ముందు మడుగు, మధ్యలో బురద. కింద నుంచి పాస్ ఇస్తే నాలుగు గజాలు పోయి ఆగిపోతుంది. అక్కడ బిల్డప్ ఎక్కడిది? కీపర్ బలంగా తన్నుతాడు, అటూ ఇటూ తలలతో కొడతారు, కిందపడ్డ బంతి ఎవడికి దొరికితే వాడిది. నేను ఆడిన రోజుల్లో వానాకాలం మ్యాచ్‌లన్నీ అలాగే గెలిచాం, అలాగే ఓడాం. మీ ఐదారు దశల్లో ఆ ఆట ఎక్కడ పడుతుంది?

భీమవరం బైట్స్

మంచి ప్రశ్నండి. దానికి రెండు గడులు కావాలి. ఒకటి "లాంగ్ బాల్". ఫిఫా కూడా దాన్ని బిల్డప్‌లో కలపకుండా విడి దశగానే పెట్టింది. రెండోది "ఎవరిదీ కాని బంతి". ఆ ప్రపంచ కప్‌లో టీవీ తెర మీద పొసెషన్‌ను (బంతి ఎవరి ఆధీనంలో ఉందన్న లెక్కను) మూడు ముక్కలుగా చూపించారు చూశారా? ఈ జట్టుది, ఆ జట్టుది, మధ్యలో పోటీలో ఉన్న సమయం. ఆ మూడో ముక్క మన వానాకాలం మ్యాచ్‌లలో చాలా పెద్దదిగా వస్తుందని నా అంచనా. దాన్ని బలవంతంగా ఏదో ఒక జట్టు ఖాతాలో వేస్తే లెక్కంతా పాడవుతుంది.

మాస్టారి జట్టుకి వానాకాలంలో అసలు ప్రాక్టీస్ అక్కడే ఉండొచ్చు: తన్నిన బంతి కింద పడే చోటికి ముందుగా ఎవరు చేరుతున్నారు అన్నది.

పాత గోల్‌కీపర్

ఆయ్, అదీ మాట. అలాగైతే ఒప్పుకుంటాను.

నర్సాపురం ఎర్ర జెర్సీ (అమ్మాయిల జట్టు కోచ్)

మాస్టారు గారూ, నేను ఇదే పని చేస్తున్నాను కాబట్టి చేతి అనుభవం చెబుతానండి. మాకు సాఫ్ట్‌వేర్ అంటూ ఏమీ లేదు. వీడియో చూడటానికి వీఎల్‌సీ ప్లేయర్, రాసుకోవడానికి స్ప్రెడ్‌షీట్. వీఎల్‌సీలో షిఫ్ట్ నొక్కి బాణం నొక్కితే మూడేసి సెకన్లు వెనక్కీ ముందుకీ జరుగుతుంది, ఇంగ్లిష్ E అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమ్ కదులుతుంది. బంతి ఎప్పుడు పోయిందో తేల్చుకోవడానికి అంతకంటే అక్కర్లేదు.

ఒక్కో దశకి ఒక్కో వరుస. వరుసలో ఇవి రాస్తాను: ఏ సగం, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఏ దశ, ఎలా మొదలైంది (గోల్ కిక్, త్రో, లాక్కున్నది, కీపర్ పట్టింది), గ్రౌండులో ఏ భాగంలో మొదలైంది, ఏ భాగంలో ముగిసింది, ఎలా ముగిసింది. "ఎలా ముగిసింది" గడిలో ఐదే మాటలు: షాట్, బయటికి, పోగొట్టుకున్నాం, ఫౌల్, గోల్. అంతకుమించి పెడితే రాసేవాళ్లు విసిగిపోతారు.

మా అమ్మాయిలకు చార్టులు చూపిస్తే మొహమాటానికి తలూపుతారంతే. అదే దశకు చెందిన క్లిప్పులు వరసగా చూపిస్తే వాళ్లే మాట్లాడతారు. ఒక సంగతి చెబుతాను. మాకు గోల్స్ పడుతున్నవి ఎక్కువగా ఎదురుదాడుల్లోనే అని లెక్కలో తేలింది. సరే, ఆ ఎదురుదాడులన్నీ ఎలా మొదలవుతున్నాయని వెనక్కి వెళ్లి చూస్తే, చాలావాటికి ముందు వరుస మన కార్నరే! కార్నర్‌కి మా పొడుగమ్మాయిలిద్దరూ పైకి వెళ్తున్నారు. ఎదుటి జట్టు బంతిని పొడవుగా తన్నేస్తోంది. మధ్య గీత దగ్గర మా వాళ్లు ఒక్కరే. ఆ క్లిప్పులు సౌండ్ ఆపేసి ఒకదాని వెనక ఒకటి వేశాను. మూడో క్లిప్పుకి లెఫ్ట్ బ్యాక్ పిల్ల లేచి, "మేడమ్, నేను అక్కడ ఊరికే నిలబడ్డాను, నన్ను గీత దగ్గర ఉండమంటే పోయేది కదా" అంది. దాని తర్వాత కార్నర్‌కి ఇద్దరం వెనక ఉంటున్నాం.

నేను ఒక్క మాటే గట్టిగా చెబుతాను. వారానికి ఒకటే దశ. అన్నీ ఒకేసారి సరిదిద్దుదామంటే పిల్లలకు ఏదీ ఎక్కదు.

తణుకు గణాంకం (స్టాటిస్టిక్స్ లెక్చరర్)

మేడమ్ గారూ, మీరు చేసింది చాలా విలువైన పని. దశలను విడివిడిగా లెక్కేయడంతో ఆగకుండా, ఏ దశ తర్వాత ఏ దశ వస్తోందో చూశారు. ఇది ఒక చిన్న పట్టికగా వేయొచ్చు. అడ్డు వరుసల్లో ఇప్పటి దశ, నిలువు వరుసల్లో తర్వాతి దశ. ప్రతి గడిలో ఎన్నిసార్లు అలా జరిగిందో. స్ప్రెడ్‌షీట్‌లో తర్వాతి వరుసలోని దశను పక్క గడిలోకి తెచ్చుకుని పివట్ టేబుల్ (ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేసి చూపే పట్టిక) వేస్తే ఐదు నిమిషాల పని. మన కార్నర్ అన్న వరుసలో వాళ్ల ఎదురుదాడి అన్న గడి ఉబ్బి ఉంటే మీ లెఫ్ట్ బ్యాక్ చెప్పిన మాటే అంకెల్లో కనిపిస్తుంది.

పెద్ద జట్లకూ ఇది తప్పదు. 2022 క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో నెయ్‌మార్ గోల్‌తో ముందంజలో ఉంది. ఆట ముగియడానికి నిమిషాలే మిగిలాయి. అయినా మనుషుల్ని ముందుకు పంపి బంతి పోగొట్టుకుంది. క్రొయేషియా ఎదురుదాడిలో 117వ నిమిషంలో పెట్కోవిచ్ సమం చేశాడు. 120 నిమిషాల్లో క్రొయేషియా గోల్ మీదికి కొట్టిన షాట్ అదొక్కటే. పెనాల్టీల్లో బ్రెజిల్ ఇంటికెళ్లింది. షాట్ల మొత్తం చూస్తే బ్రెజిల్‌దే ఆట. పోయింది మాత్రం ఒక్క దశ నుంచి మరో దశకి మారే చోట.

ఇక నా విన్నపం ఒకటుంది. ఏ దశ గురించి మాట్లాడినా అది మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో దానితో భాగహారం చేయండి. "మన గోల్స్‌లో సగం త్రో ఇన్ల నుంచి వచ్చాయి" అనగానే త్రో ఇన్లు మన బలం అనుకుంటాం. మ్యాచ్‌లో త్రో ఇన్లు ఎన్ని వస్తాయో చూడకుండా ఆ మాటకు అర్థం లేదు.

ఫుట్‌బాల్ లెక్కల చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. ఇంగ్లండ్‌లో చార్లెస్ రీప్ అని వైమానిక దళంలో అకౌంట్స్ అధికారి ఉండేవాడు. 1950 మార్చి 18న స్విండన్ టౌన్ మ్యాచ్‌లో రెండో సగం నుంచి కాగితం మీద గుర్తులు పెట్టడం మొదలెట్టి దశాబ్దాల పాటు రాశాడు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వ్యాసం వేశాడు. గోల్స్‌లో దాదాపు 80 శాతం మూడు లేక అంతకు తక్కువ పాసుల్లోనే వస్తున్నాయి కాబట్టి తొందరగా ముందుకు తన్నడమే మేలన్న వాదన దాని చుట్టూ అల్లుకుంది. ఇంగ్లండ్‌లో చాలామంది కోచ్‌లు నమ్మారు కూడా. అయితే అదే లెక్కలో మొత్తం కదలికల్లో (ఒక జట్టు వరసగా ఆడే పాసుల గొలుసుల్లో) 90 శాతం పైగా అంత పొట్టివే! అంటే మిగిలిన పది శాతం లోపు పొడవాటి కదలికలు 20 శాతం గోల్స్ తెచ్చాయి. ఒక్కో కదలికకు వచ్చిన ఫలం చూస్తే పొడవాటివే ముందున్నాయి. అంకెలు సరైనవే, భాగహారం లేదు. ఒక దేశపు ఆట మీద దాని ప్రభావం పడింది.

కుడి వింగ్ (రావులపాలెం, బీటెక్ మూడో ఏడాది)

గణాంకం సార్, ఇది మాకు క్లాసులో చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

బైట్స్ అన్నయ్యా, నేను పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కొంచెం నేర్చుకున్నాను. మన మ్యాచ్‌ల డేటా ఎలాగూ తక్కువ. నేర్చుకోవడానికి అసలైన మ్యాచ్ డేటా ఉచితంగా ఎక్కడైనా దొరుకుతుందా?

భీమవరం బైట్స్

దొరుకుతుంది తమ్ముడూ. స్టాట్స్‌బాంబ్ అనే సంస్థ కొన్ని పోటీల డేటాను గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. 2018, 2022 ప్రపంచ కప్‌లు, మహిళల ప్రపంచ కప్‌లు, మెస్సీ ఆడిన లా లీగా మ్యాచ్‌లు ఉన్నాయి. మనకు సంతోషమేంటంటే ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2021-22 సీజన్ కూడా ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు కొట్టిన సీజన్ అది, ఓగ్బెచే 18 గోల్స్ కొట్టిన సీజన్. తెలుగువాడివి, దాంతోనే మొదలెట్టు.

డేటా తెచ్చుకోవడానికి స్టాట్స్‌బాంబ్‌పై, గ్రౌండ్ బొమ్మ గీయడానికి ఎంపీఎల్‌సాకర్ అన్న ప్యాకేజీలు వాడు. ఆర్ భాష వచ్చినవాళ్లకు స్టాట్స్‌బాంబ్‌ఆర్ ఉంది. దశలుగా విడగొట్టేటప్పుడు కాళ్లకు అడ్డుపడేవి కొన్ని ఉన్నాయి, ముందే తెలుసుకో.

ప్రతి ఘటనకీ పొసెషన్ నంబరు ఉంటుంది. ఒక జట్టు ఆధీనంలో ఆట సాగినంతసేపూ అదే నంబరు. అందులోనే ఎదుటి జట్టు ప్రెషర్, టాకిల్ ఘటనలు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి "జట్టు" అన్న గడి, "పొసెషన్ జట్టు" అన్న గడి వేరువేరు. దశ కట్టేటప్పుడు రెండోదాన్ని పట్టుకో.

ప్లే ప్యాటర్న్ అనే గడి ఒకటుంది. మామూలు ఆట, కార్నర్ నుంచి, త్రో ఇన్ నుంచి, కౌంటర్ నుంచి అని రాసుంటుంది. చూడగానే దశలు రెడీమేడ్‌గా దొరికాయనిపిస్తుంది. కానీ అది ఆ పొసెషన్ ఎలా మొదలైందో చెబుతుంది, అంతే. సొంత సగంలో త్రో వేసి, ఇరవై పాసులు ఆడి, అటు చివర గోల్ కొట్టినా "త్రో ఇన్ నుంచి" అనే ఉంటుంది. గణాంకం గారు చెప్పిన త్రో ఇన్ల భ్రమ ఇక్కడే పుడుతుంది. త్రో తర్వాత మొదటి కొన్ని సెకన్లే త్రో దశ అనీ, ఆ తర్వాతిది బిల్డప్ లేక చివరి మూడో వంతు అనీ నువ్వే కోత పెట్టుకోవాలి.

గ్రౌండ్ కొలత 120 ఇంటూ 80. ఎవరి ఘటన అయినా వాళ్లు ఎడమ నుంచి కుడికి దాడి చేస్తున్నట్టే రాసుంటుంది. అందువల్ల ఒక జట్టు పాసునీ దాని మీద రెండో జట్టు ప్రెషర్‌నీ ఒకే బొమ్మలో పెట్టాలంటే ఒకదాన్ని తిప్పాలి. పొడవు 120 లోంచి, వెడల్పు 80 లోంచి తీసేయాలి. అలా తిప్పకుండా గీసిన బొమ్మలో ప్రెస్ చేసిన చోటు గ్రౌండుకి అటు చివర కనిపిస్తుంది. ఇంకోటి, టైమ్‌స్టాంప్ రెండో సగంలో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. దాన్నిబట్టి వరస పెడితే రెండు సగాలూ కలగాపులగం అయిపోతాయి. ఇండెక్స్ గడిని బట్టి వరస పెట్టు.

బంతి పోయిన వెంటనే ప్రెస్ చేశారా అన్నది చూడాలంటే కౌంటర్ ప్రెస్ అన్న గుర్తు ఉంది. ఆటలో బంతి చేజారిన ఐదు సెకన్లలోపు చేసిన ప్రెషర్ పనులకు అది పడుతుంది. మాస్టారు కూడా ట్రాన్సిషన్‌కి ఆ ఐదు సెకన్ల గీతే పెట్టుకోవచ్చు.

మొదటి వ్యాయామంగా 2022 ఫైనల్ తీసుకుని 36వ నిమిషం చూడు. అర్జెంటీనా సగంలో ఫ్రాన్స్ నుంచి బంతి జారింది. మొలీనా, మకాలిస్టర్, మెస్సీ, అల్వారెజ్, మళ్లీ మకాలిస్టర్, చివరికి డి మరియా గోల్. ప్రతి తాకుడునూ వరసగా రాసి, ఎక్కడ "బంతి దొరికిన క్షణం" అయిపోయి "ఎదురుదాడి" మొదలైందో నువ్వు గీత పెట్టు. మీ ఫ్రెండ్‌ని విడిగా పెట్టమను. ఇద్దరి గీతలూ ఒకే చోట పడతాయో లేదో చూడు.

విజిల్ (రాజమండ్రి, రిఫరీ)

ఇక్కడ నా వైపు నుంచి ఒక మాట. దశ ఎక్కడ మొదలైందో గొడవ పడే చోట్ల సగం రిఫరీ ఈల తేల్చేస్తుందండి. ఆగిన ఆట మళ్లీ మొదలయ్యే చోటల్లా కొత్త వరుస మొదలెట్టండి: గోల్ కిక్, త్రో, ఫ్రీ కిక్, కార్నర్, కిక్ ఆఫ్. ఆట ఆగి ఉన్న సమయానికి విడి వరుస పెట్టండి, వదిలేయకండి. పెద్ద పోటీల్లోనే 90 నిమిషాల్లో బంతి నిజంగా ఆటలో ఉండేది మామూలుగా 60 నిమిషాల లోపు. మన దగ్గర బంతి కాలవలో పడితే ఇంకా తక్కువ.

త్వరగా వేసిన ఫ్రీ కిక్‌ను సెట్ పీస్ అనకండి. డిఫెన్స్ సర్దుకోకముందే ఆడింది కాబట్టి అది ట్రాన్సిషన్‌కి దగ్గర. అలాగే గోల్‌కీపర్ చేతుల్లో బంతి ఉన్న సమయం. 2025-26 సీజన్ నుంచి నిబంధన మారింది. కీపర్ ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్. పాత వీడియోలనూ కొత్తవాటినీ పోల్చేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. కీపర్లు బంతిని వదిలే వేగం మారితే బిల్డప్ మొదలయ్యే తీరూ మారుతుంది.

పాత గోల్‌కీపర్

ఎనిమిది సెకన్లు! రిఫరీ గారూ, మా కాలంలో బంతి పట్టుకుని గ్రౌండంతా ఒకసారి చూసి, పిల్లల్ని సర్ది, అప్పుడు వదిలేవాళ్లం.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. ఇంత లెక్క దేనికి? 1962లో జకార్తాలో మన దేశపు జట్టు కోచ్ రహీం సాబ్ ఏ కంప్యూటరు చూసి జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్ చేశారు? తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్‌ని ఫైనల్లో ముందుకు పంపారు. గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1, ఆసియా క్రీడల బంగారు పతకం. హైదరాబాద్ బడిపంతులు ఆయన. ఆటను కంటితో చదివాడు.

తణుకు గణాంకం

బాబాయ్ గారూ, కోపమెందుకండీ, రహీం సాబ్ పేరు ఎవరెత్తినా నాకు సంతోషమే. ఆయన చూపు ఆయనకుంది. ఏళ్ల తరబడి వందల మ్యాచ్‌లు చూసి, గుర్తుంచుకుని, ఆ చూపు సంపాదించారు. మాస్టారికి అన్ని మ్యాచ్‌లు చూసే తీరిక లేదు. ఉదయం ప్రార్థన నుంచి మధ్యాహ్న భోజనం లెక్కల దాకా ఆయన మీదే. ఆయన గుర్తుంచుకోలేనిది షీటు గుర్తుంచుకుంటుంది. ఎవర్ని ముందుకు పంపాలన్న నిర్ణయం మాత్రం ఆయనదే.

లంక మాస్టారు

మధ్యాహ్న భోజనం సంగతి భలే చెప్పారండి.

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మా కుర్రాళ్లలో ఇద్దరికి కంప్యూటర్ మీద ఆసక్తి ఉంది. వాళ్లిద్దరి చేత ట్యాగింగ్ (వీడియో చూసి దశల పేర్లు రాయడం) చేయిద్దామనుకుంటున్నాను. ఒకడు ట్రాన్సిషన్ అన్నదాన్ని ఇంకొకడు ఎవరిదీ కాని బంతి అంటున్నాడు. ఎవరి మాట పట్టుకోవాలి?

తణుకు గణాంకం

మీరు ఈ ప్రశ్నకి వస్తారనే ఎదురుచూస్తున్నాను. ఎవరి మాటా పట్టుకోకండి, ముందు నిబంధన రాసి గోడకి అంటించండి. ఉదాహరణకు: ఒక జట్టు మనిషి బంతిని అదుపులోకి తెచ్చి, తర్వాతి తాకుడు కూడా ఆ జట్టుదే అయితేనే అది ఆ జట్టు బంతి. అంతవరకు ఎవరిదీ కాదు. ఆధీనం మారిన క్షణం నుంచి ఐదు సెకన్లు ట్రాన్సిషన్. అప్పటికి ఇంకా పరుగున ముందుకే వెళ్తుంటే ఎదురుదాడి, ఆగి పక్కకో వెనక్కో ఆడితే కుదురైన దశ.

తర్వాత ఒకే పది నిమిషాల వీడియోను ఇద్దరి చేతా విడివిడిగా ట్యాగ్ చేయించండి. ఒకరిది ఒకరు చూడకూడదు. ఆ పది నిమిషాల్ని ఐదేసి సెకన్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకి ఇద్దరూ ఏం రాశారో పక్కపక్కన పెట్టండి. ఎన్ని కలిశాయో శాతం వేస్తే సరిపోదు. ఎక్కువసేపుండే దశ ఒకటుంటే గుడ్డిగా రాసినా చాలావరకు కలుస్తాయి. దాన్ని తీసేసి చూపే కొలత కోహెన్ కప్పా. 1960 నుంచి మనస్తత్వ శాస్త్రంలో, వైద్యంలో వాడుతున్నదే. కలిసిన పాలు లోంచి, గుడ్డిగా కలవగలిగే పాలు తీసేసి, ఒకటి లోంచి ఆ గుడ్డి పాలు తీసేసిన దానితో భాగించాలి. షీటు పంపండి, ఫార్ములా పెట్టి ఇస్తాను. ఒకటికి దగ్గరగా వస్తే ధైర్యంగా ముందుకెళ్లండి. సున్నా వైపు జారితే నిబంధన తిరగరాయండి. పిల్లల్ని మందలించకండి, లోపం నిబంధన మాటల్లో ఉంటుంది.

ఇంకో సంగతి. ఒక సీజన్లో మీరు ఆడే మ్యాచ్‌లు తక్కువ. ఏ దశ అయినా ఇరవై సార్లైనా రాకముందు శాతాలు రాయకండి. "ఏడు కార్నర్లలో రెండు షాట్లు" అని అలాగే రాయండి. "28.6 శాతం" అంటే చూసేవాళ్లకు లేని నమ్మకం కలుగుతుంది.

నర్సాపురం ఎర్ర జెర్సీ

వీడియో గురించి కూడా కాస్త చెప్పాలండి, ట్యాగింగ్ బాగుండాలంటే వీడియో బాగుండాలి. మధ్య గీతకు ఎదురుగా, వీలైనంత ఎత్తు నుంచి తీయండి. సాయంత్రం మ్యాచ్ అయితే పడమటి వైపు కూర్చోండి, ఎండ వెనకుంటుంది. కొబ్బరి చెట్లు అడ్డొస్తే చోటు మార్చుకోవడమే. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది. బంతి వెనక జూమ్ చేయనివ్వకండి. రెండు జట్ల వెనక వరుసలూ ఫ్రేములో ఉంటేనే బ్లాక్ ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. ఖతార్‌లో సౌదీ చేతిలో అర్జెంటీనా ఓడిన మ్యాచ్ చూడండి. మొదటి సగంలోనే అర్జెంటీనా బంతిని మూడుసార్లు ఆఫ్‌సైడ్ నుంచి గోల్లో వేసింది. సౌదీ వరుస అంత ముందుకొచ్చి నిలబడింది. బంతి ఒక్కదాన్నే చూపించే వీడియోలో ఆ సంగతి దొరకదు.

ఇంకొకటి మరీ ముఖ్యం. ఇవి పిల్లల వీడియోలు. యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టకండి. తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. షీటులో పేర్లు వద్దు, జెర్సీ నంబర్లు చాలు. మా దగ్గర ఒక తండ్రి మొదట్లో వద్దన్నారు. వీడియో స్కూల్ ల్యాప్‌టాప్ దాటదని చూపించాక ఆయనే మేడ మీద ఫోన్ పట్టుకుంటున్నారు.

కుడి వింగ్

మేడమ్, మీరు సెవెన్స్ (ఏడుగురి ఆట) కూడా ఆడతారు కదా. చిన్న గ్రౌండులో ఈ దశలు పనికొస్తాయా?

నర్సాపురం ఎర్ర జెర్సీ

మూడు వంతులుగా కాకుండా రెండు సగాలుగా విడగొడతాం బాబూ. బిల్డప్, ముందుకు తీసుకెళ్లడం రెండూ కలిపి ఒక్క దశ. ట్రాన్సిషన్ మూడు సెకన్లే, అక్కడ అన్నీ త్వరగా అయిపోతాయి. సెవెన్స్ లెక్కనీ పదకొండు మంది ఆట లెక్కనీ ఒకే షీటులో కలపం.

భీమవరం బైట్స్

మాస్టారూ, ఇప్పుడు మీరు అడిగిన సాఫ్ట్‌వేర్ సంగతి. హడల్ వారి స్పోర్ట్స్‌కోడ్, నాక్‌స్పోర్ట్, లాంగోమ్యాచ్ లాంటివి వీడియో పక్కనే బటన్లు పెట్టి, బటన్ నొక్కగానే దశ మొదలూ ముగింపూ నమోదు చేస్తాయి. క్లిప్పులు వాటంతటవే కోసిస్తాయి. సౌకర్యం చాలా ఉంది. కానీ మీ ల్యాప్‌టాప్‌కీ మీ అవసరానికీ ఈ ఏడాది స్ప్రెడ్‌షీట్ చాలు. మీ నిబంధనలు స్థిరపడ్డాక ఆ బటన్ల పేర్లు మీకు తెలుస్తాయి, అప్పుడు కొనాలో వద్దో చూసుకోవచ్చు. నిబంధన లేకుండా సాఫ్ట్‌వేర్ పెడితే ఇద్దరు కుర్రాళ్లూ రెండు రకాల బటన్లు నొక్కుతారు.

రెండేళ్లకు సరిపడా షీటులు పోగయితే కుడి వింగ్ తమ్ముడి చేత పైథాన్‌లోకి ఎక్కించొచ్చు. అందుకే ఇప్పటి నుంచీ దశల పేర్లు ఒకే స్పెల్లింగులో ఉండాలి. గడిలో టైప్ చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ పెట్టండి. సమయాన్ని వీడియో గడియారం ప్రకారమే రాయండి, కిక్ ఆఫ్ వీడియోలో ఎన్నో సెకనులో పడిందో పైన ఒక గడిలో రాయండి. మ్యాచ్ నిమిషం కావాలంటే తీసివేత చేసుకోవచ్చు.

లంక మాస్టారు

సరేనండి. ఏడు పేర్లతో డ్రాప్‌డౌన్ చేశాను: మన కుదురైన ఆట, వాళ్ల కుదురైన ఆట, మనకు దొరికింది, మన నుంచి పోయింది, లాంగ్ బాల్, ఎవరిదీ కాదు, సెట్ పీస్. ఆట ఆగినది ఎనిమిదోది. ఎదురుదాడిని "మనకు దొరికింది"లోనే కలపమంటారా, విడిగానా?

భీమవరం బైట్స్

విడిగా పెట్టండి, మనదీ వాళ్లదీ రెండు పేర్లుగా. మేడమ్ గారి కార్నర్ సంగతి దొరికింది వాళ్ల ఎదురుదాడి విడిగా ఉండబట్టే. సెట్ పీస్‌ని కూడా మనది, వాళ్లది అని రెండు చేయండి. లాంగ్ బాల్ కూడా అంతే. పేర్లు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ రాసేవాడికి బంతి ఎవరిదో చూస్తే చాలు, ఆలోచించే పని పెరగదు.

పాత గోల్‌కీపర్

మాస్టారూ, మీ కుర్రాళ్లిద్దరూ రాసిన ఆ పది నిమిషాల వీడియో నాకూ పంపండి. వాట్సాప్‌లో వద్దు, బొమ్మ మసకబారుతుంది. కాకినాడ వచ్చే బస్సులో ఎవరైనా వస్తుంటే పెన్‌డ్రైవ్‌లో పంపండి. మూడో మనిషిగా నేను రాస్తాను, కాగితం మీదే. గణాంకం గారు ముగ్గురివీ పక్కపక్కన పెట్టి చూడండి.

తణుకు గణాంకం

తప్పకుండా బాబాయ్ గారూ. ముగ్గురైతే కోహెన్ కప్పా ఇద్దరిద్దరికి చొప్పున మూడుసార్లు వేస్తాను. ఏ జంట ఎక్కడ విడిపోయారో దశల వారీగా పట్టిక ఇక్కడే పెడతాను.